స్టెనోగారి సొంత మాటలు

పొద్దున్న ఏడు కాకముందే స్టెనోగారు మూడు చోట్లు మారారు. మొదట వంటింటి బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచారు. పాలు పొంగిపోతాయేమోనన్న బెంగతో పెన్సిల్ కదల్లేదు. తర్వాత కిటికీ పక్కన పేముకుర్చీలోకి వెళ్ళారు. ఎదురింటి ఆవిడ బట్టలు ఆరేస్తుంటే ఏ చొక్కాకి ఏ రంగు క్లిప్పు పెడుతోందో చూస్తూ పావుగంట పోగొట్టారు. ఆఖరికి పడకగదిలో గోడవైపు తిరిగి స్టూలు వేసుకున్నారు. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి గోడనే చూస్తూ కూర్చున్నారు.

"ఏమోయ్ స్టెనోగారూ, ఇవాళ కోర్టు ఏ గదిలో?" ముందుగదిలోంచి కేకేశారు ఆవిడ భర్త.

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. వీధివైపున్న ముందుగదే ఆయన దుకాణం. ఎవరింట్లో మిషన్ దారం తెంపుతున్నా, కుట్టు వదిలేస్తున్నా ఆ గదికే మోసుకొస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన చేతులకు మిషన్ నూనె వాసన లేని రోజు స్టెనోగారికి గుర్తులేదు.

"కోర్టు వాయిదా పడింది," అన్నారు స్టెనోగారు.

"మళ్ళీనా? ఈ కేసు మన మనవల కాలానికైనా తేలుతుందా?"

స్టెనోగారు లేచి పాలు చూసొచ్చారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. కాలుగాలిన పిల్లికైనా కాసేపు స్థిమితం ఉంటుందేమో కానీ ఆరువారాలుగా ఆవిడకు అది లేదు.

ఆవిడ ముప్పైనాలుగేళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫరు. సాక్షులు చెప్పినవీ, ప్లీడర్లు అరిచినవీ, జడ్జిగారు గొణిగినవీ పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని తర్వాత టైపు కొట్టడం పని. రిటైరై రెండేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా స్టెనోగారే. పిల్లల దెబ్బలాటల్లో "ముందు ఎవరు తిట్టారో స్టెనోగారినే అడుగు" అనడం అక్కడ మామూలు.

ఆరువారాల కిందట లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. జ్ఞాపకాలు రాయడం నేర్పుతారట, ఎనిమిది శనివారాలు. ఆఖరి శనివారం ప్రతివాళ్ళూ తాము రాసిన ఒక్క అధ్యాయం ఇంటివాళ్ళ ముందు చదవాలి. ఊళ్ళోవాళ్ళ బతుకులన్నీ రాసినదాన్ని, నాది నేను రాసుకోలేనా అని ఆవిడ ధీమాగా పేరిచ్చి వచ్చారు. అప్పుడు మొదలయ్యాయి తిప్పలు.

లైబ్రరీలోనే పనిచేసే ఒక అమ్మాయి పాఠం చెబుతుంది. వయసులో అక్కడున్న అందరికన్నా చిన్నది కాబట్టి చిన్నమేడం అని పేరు పడింది. "పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టకండి," అని మొదటిరోజే చెప్పేసింది. "పుట్టాను, చదివాను, రిటైరయ్యాను అని రాస్తే అది ఉద్యోగం దరఖాస్తు. ఒక్క గది తలుపు తీయండి. మమ్మల్ని లోపలికి పిలవండి."

స్టెనోగారు కోర్టు గది తలుపు తీశారు. తీయడమేమిటి, బార్లా తెరిచారు. మేకను పోగొట్టుకున్న ముసలాయన వాంగ్మూలం, భర్త మీద ఫిర్యాదు చేసి ఆ భర్తకే గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆవిడ మాటలు, అబద్ధమాడేముందు ప్రతిసారీ ముక్కు గోక్కునే కానిస్టేబులు జవాబులు, అన్నీ చెప్పింది చెప్పినట్టు రాసుకెళ్ళి చదివారు. క్లాసంతా పగలబడి నవ్వింది. రిటైరైన బస్సు కండక్టరుగారైతే చప్పట్లు కొట్టారు.

చిన్నమేడం మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగింది, "అందరూ ఉన్నారమ్మా ఇందులో. మీరెక్కడున్నారు?"

"బల్ల దగ్గరే ఉన్నాను కదమ్మా, రాసుకుంటూ."

"ఆ బల్ల దగ్గర కూర్చున్నావిడ ఏమనుకుంటోంది?"

"అనుకోవడం మా డ్యూటీ కాదమ్మా," అన్నారు స్టెనోగారు.

మళ్ళీ అందరూ నవ్వారు కానీ ఆవిడకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే భయం వేసింది. నిజంగానే ఏమనుకుందో గుర్తులేదు. అరవైరెండేళ్ళు బతికి, తనదంటూ ఒక్క మాట లేకుండా పోయిందా? ఆఖరి శనివారం ఉత్తచేతులతో నిలబడితే, ఆ మాట తన నోటితో తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ పెన్సిల్ నమలడం అప్పట్నుంచే మొదలైంది.

పోయిన శనివారం చిన్నమేడం ఇంకో పని ఇచ్చింది. "మీరెవరికీ చెప్పని రోజు, ఇంకా చెప్పాలంటే మీకు మీరే చెప్పుకోని రోజు, ఒకటి రాసుకురండి."

స్టెనోగారికి వెతుక్కునే పని లేకపోయింది. ఇరవైఎనిమిదేళ్ళ కిందట రాజధానిలో పెద్ద కోర్టు ఉద్యోగానికి షార్ట్‌హ్యాండ్ స్పీడు పరీక్ష రాశారు. నెగ్గినవాళ్ళకు ఇంటికి ఉత్తరం వస్తుంది, నెగ్గనివాళ్ళకు ఏదీ రాదు. ఆవిడకు ఏదీ రాలేదు. ఆ తర్వాత మరే పరీక్షకూ కూర్చోలేదు. అది రాయాలని సోమవారం నుంచి పట్టుబట్టి ఇంట్లో కుర్చీలన్నీ అరగదీస్తున్నారు.

మంగళవారం మధ్యాహ్నం రేడియో వదిన వచ్చారు. మెకానిక్‌గారి అక్కగారు, రెండు వీధుల అవతల ఉంటారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పేరు. వచ్చీ రాగానే బల్ల మీది నోటుపుస్తకం తీసి నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పి చూశారు.

"ఇదేం రాతే? చీమలు సిరాలో పడి లేచినట్టుంది!"

"షార్ట్‌హ్యాండ్ వదినా. ఆలోచన వచ్చినంత వేగంగా రాసుకోవచ్చని."

"వేగానికా? మాకెవరికీ తెలీకూడదనా?" వదిన కుర్చీ లాక్కుని దగ్గరగా జరిగారు. "ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. అందరి ముందూ చదువుతావటగా? ఏమిటి సంగతి?"

"నా పరీక్ష తప్పిన సంగతేలే వదినా."

వదినకు అంత చిన్న సంగతి నచ్చినట్టు లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు కాసేపు కొంగు సర్దుకున్నారు, గాజులు సర్దుకున్నారు. స్టెనోగారు మాట్లాడకుండా తల వంచుకుని కూర్చున్నారు. అది పాత అలవాటు. సాక్షి నోరు విప్పబోతున్నప్పుడు స్టెనో తల ఎత్తకూడదు. ఎత్తితే సాక్షికి తానెక్కడున్నాడో గుర్తొచ్చి ఆగిపోతాడు.

"సరే, ఎలాగూ రాసే ఉంటావు," అన్నారు వదిన చివరికి. "మీ పెళ్ళికొచ్చిన గోడగడియారం పగలగొట్టింది నేనే. దుమ్ము దులుపుతుంటే జారింది. భయమేసి పిల్లి మీద పెట్టాను."

"ఏ పిల్లి?"

"అదే, మచ్చల పిల్లి. నువ్వు దానికి వారంరోజులు పాలు పొయ్యలేదు కూడా."

స్టెనోగారికి నవ్వాగలేదు. వదిన మాత్రం ముప్పైఎనిమిదేళ్ళ బరువు దించుకుని తేలిగ్గా లేచి, ఇంటికెళ్ళే దారిలో ముందుగదిలో ఆగి తమ్ముడితో ఓ పావుగంట మాట్లాడి మరీ వెళ్ళారు.

బుధవారం కూతురు వచ్చింది. ఆ అమ్మాయి బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో కంటిపరీక్షలు చేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి అప్పుడప్పుడు పుట్టింటికి వస్తుంది. ఆ రోజు కంచంలో చెయ్యి పెట్టి కెలుకుతూ కూర్చుంది.

"అమ్మా, నువ్వు నా చిన్నప్పటి సంగతులు కూడా రాస్తున్నావట. అత్త చెప్పింది."

స్టెనోగారు కాదనబోయి, అలవాటుగా తల వంచుకుని గరిటె అందుకున్నారు.

"నాలుగో తరగతిలో సంగతి నీకు తెలుసా? టీచరు చెప్పిందా?" కూతురి గొంతు సన్నబడింది. "స్కూల్ ఫంక్షన్‌కి నువ్వు రాలేదు. ఏదో హత్యకేసు వాయిదా ఉందన్నావు. అత్త వచ్చింది. అందరూ 'ఈవిడ మీ అమ్మా?' అనడిగితే ఔనన్నాను. ఆ ఏడాదంతా అలాగే చెప్పాను. అత్త కూడా కాదనలేదు."

స్టెనోగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నాకు తెలీదు," అన్నారు.

"తెలీదా?" కూతురు బిక్కమొహం వేసింది. "అయ్యో, మరి... పోనీలేమ్మా, పిల్లతనం."

"ఎందుకలా చెప్పావే?"

"అత్త అడుగుతుంది కదా. ఇవాళ ఏం జరిగింది, ఎవరితో కూర్చున్నావు, ఏం తిన్నావు అని. నువ్వు వింటావు, అంతే. నేను ఏడుస్తూ చెప్పినా తలొంచుకుని వింటావు. నువ్వు ఇంట్లో కూడా స్టెనోవేనమ్మా."

అని, అన్నందుకు తానే నొచ్చుకుని, తల్లి భుజం మీద చెయ్యి వేసి నొక్కి, దుకాణానికి వేళైందని వెళ్ళిపోయింది. స్టెనోగారు ఆ మధ్యాహ్నం కూర్చోలేదు. ఉతికిన దుప్పట్లు మళ్ళీ మడతపెట్టారు. డబ్బాలన్నీ దించి అరలు తుడిచారు. తుడిచిన అరలే మళ్ళీ తుడుస్తున్నానని కాస్సేపటికి గానీ తెలియలేదు. వినడం మంచి గుణమని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకున్నారు.

గురువారం పొద్దున్న కొత్త చోటు ప్రయత్నిద్దామని నోటుపుస్తకం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళారు. మెకానిక్‌గారు ఒక పాత మిషన్ కడుపు విప్పి బ్రష్షుతో దుమ్ము తీస్తున్నారు. రోజూ వేళాకోళమాడే మనిషి ఆ రోజు తల కూడా తిప్పలేదు. స్టెనోగారు మూలనున్న బల్లపీట మీద కూర్చుని పెన్సిల్ చెక్కుకున్నారు.

"అక్క చెప్పింది," అన్నారాయన, వీపు ఇటే ఉంచి. "ఆ పరీక్ష సంగతి రాస్తున్నావటగా."

"ఆఁ."

"శనివారాలు లైబ్రరీకి వెళ్తున్నప్పుడే అనుకున్నాను. అక్కడ పాత కాగితాలన్నీ ఉంటాయి కదా. ఎక్కడో నెగ్గినవాళ్ళ పేర్లు చూసే ఉంటావని."

స్టెనోగారు తల వంచారు. పెన్సిల్ కాగితం మీద ఆనింది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అందుకే ఎన్నడూ నోరెత్తలేదు. కానీ నువ్వు పదిమందిలో చదివేలోపు నా నోటితో చెప్పడం మంచిది." బ్రష్షు ఆగింది. "ఉత్తరం వచ్చింది. సోమవారం. నువ్వు కోర్టులో ఉన్నావు. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. పదిహేను రోజుల్లో వచ్చి చేరమని రాశారు. అమ్మ అప్పుడు మంచంలో ఉంది. పిల్లకి ఆరేళ్ళు. ఈ దుకాణం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. నువ్వు వెళ్తానంటే వద్దనే ధైర్యం నాకు లేదు. వెళ్ళమనే ధైర్యం అంతకన్నా లేదు. వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి రావనిపించింది. మూడురోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఇద్దామనే అనుకున్నాను. నాలుగోరోజు చింపి, మిషన్లు తుడిచే గుడ్డపీలికల బుట్టలో వేశాను. నువ్వు నెలరోజులు గేటు దగ్గర పోస్టుమాన్ కోసం నిలబడ్డావు. నేను ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాను."

ఆయన మాట ఆగిన రెండు క్షణాలకు పెన్సిల్ కూడా ఆగింది.

కోర్టులో పనిచేసినవాళ్ళకే తెలిసిన సంగతి ఒకటి ఉంది. వేగంగా రాసేటప్పుడు మాట చెవిలోంచి నేరుగా చేతికి పోతుంది, మనసు దాకా రాదు. ఎంత ఘోరమైన కేసులోనైనా చెయ్యి వణక్కుండా స్టెనోగారిని కాపాడింది ఆ అలవాటే. ఇప్పుడు కాగితం వైపు చూసుకుంటే పేజీన్నర నిండి ఉంది. అందులో ఏముందో ఆవిడ మొదటి గీత నుంచి చదువుకుంటూ వచ్చారు. సగానికి వచ్చేసరికి చెవుల్లో హోరు మొదలైంది.

రాయడం సగం పనే. రాసింది సాక్షికి చదివి వినిపించడం మిగతా సగం. ఏం చెయ్యాలో తోచక ఆవిడ తనకు వచ్చిన పనే చేశారు. లేచి నిలబడి చదవడం మొదలుపెట్టారు.

"'ఉత్తరం వచ్చింది. సోమవారం. నువ్వు కోర్టులో ఉన్నావు.'"

మెకానిక్‌గారు ఇటు తిరిగారు. భార్య గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, ఎత్తుపల్లాల్లేకుండా సాగిపోతోంది. తన మాటలు అలా ఒక్కొక్కటే తిరిగొస్తుంటే ఆయన మొహం పాలిపోయింది. గుడ్డపీలికల బుట్ట దగ్గర మాత్రం ఆ వాక్యం రెండుసార్లు చదివారు. ఆఖరు దాకా చదివి ఆపారు.

"చెప్పింది చెప్పినట్టు రాశానా? ఏమైనా మార్చాలా?"

"నీకు... నీకు ముందే తెలీదా?"

"మార్చాలా అని అడుగుతున్నాను."

"అక్కర్లేదు."

"ఎన్నో స్థానం?"

"ఏమిటి?"

"ఉత్తరంలో ఉంటుంది. నా స్థానం ఎన్నోది?"

ఆయన చేతిలో బ్రష్షును బల్ల మీద పెట్టబోతే అది కిందపడింది. "మొదటిది," అన్నారు. "మొదటి పేరు నీదే."

అప్పుడు వచ్చింది ఏడుపు. స్టెనోగారు గోడ పట్టుకున్నారు. "మొదటిదా? ఇరవైఎనిమిదేళ్ళు నా వేళ్ళు మొద్దువనుకున్నానండీ! నా తర్వాత చేరిన పిల్లకి నేనే నేర్పాను. మరుసటేడు ఆ పిల్ల పెద్ద కోర్టుకెళ్తుంటే దాని పెట్టె నేను బస్టాండు దాకా మోశాను. ప్రమోషన్ పరీక్షలు పెడితే కాగితం కూడా తీసుకోలేదు. ఎందుకు మళ్ళీ నవ్వులపాలవడం అని!"

"తప్పే. నేను చేసింది..."

"ఉద్యోగం పోయినందుక్కాదు నా ఏడుపు. వెళ్ళేదాన్నో లేదో నాకే తెలీదు. చేతకానిదాన్నని నేననుకుంటుంటే, మీరు పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారు. 'పోన్లేవోయ్, ఉన్నది చాలదా' అని ఓదార్చారు. నేనేడ్చింది ఎవరి భుజం మీద? మీ భుజం మీదే కదండీ!"

ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. స్టెనోగారు చెయ్యి అడ్డం పెట్టారు. చెప్పులు వేసుకుని, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వీధిలోకి దిగిపోయారు.

ఎక్కడికని అనుకోలేదు కానీ కాళ్ళు లైబ్రరీకే తీసుకెళ్ళాయి. చిన్నమేడం తోపుడుబండిలో పుస్తకాలు పేర్చుకుని అరల్లో సర్దుతోంది. స్టెనోగారు నిలబడే జరిగింది చెప్పేశారు. "దొరికిందమ్మా అధ్యాయం," అన్నారు, ఇంకా రొప్పుతూ. "పేజీన్నర. ఆయన మాటల్లోనే. ఎల్లుండి తెచ్చి ఒక్క అక్షరం మార్చకుండా చదువుతాను. అందరూ విననీ."

చిన్నమేడం స్టూలు జరిపి కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు.

"చదవండమ్మా. మీ ఇష్టం. కానీ అది ఆయన వాంగ్మూలం. మీరెక్కడున్నారని మళ్ళీ అడుగుతాను నేను."

"నేనా? నేను మోసపోయినదాన్ని! ఇంకెక్కడుంటాను?"

"ఎదుటివాళ్ళ తప్పు రాసేటప్పుడు, ఆ గదిలో మనమేం చేస్తున్నామో కూడా రాయాలమ్మా. లేకపోతే వినేవాళ్ళు తీర్పు చెప్పి ఇంటికి వెళ్ళిపోతారు. మిమ్మల్ని చూడరు." ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "ఉత్తరం రానప్పుడు మీరు ఎవరినైనా అడిగారా?"

స్టెనోగారికి ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, తనను బోనెక్కించి ప్లీడరులా ప్రశ్నలు వేస్తోంది. జవాబు చెప్పకుండానే బయటికొచ్చేశారు.

లైబ్రరీ ఎదుటి బస్టాపులో కూర్చున్నారు. తన బస్సు వచ్చింది, ఎక్కలేదు. రెండోది వచ్చింది. కండక్టరు "వస్తారా అమ్మా?" అనడిగితే చెయ్యి ఊపేశారు. అడిగారా? అడగలేదు. కోర్టులో టెలిఫోను ఆవిడ బల్లకు నాలుగడుగుల దూరంలో ఉండేది. రాజధానికి ఒక్క ఫోను చేసి ఫలితం కనుక్కోవడం ఐదు నిమిషాల పని. అందరి వాయిదాలూ కనుక్కున్న మనిషి తన ఫలితం ఎందుకు కనుక్కోలేదు? సిగ్గని ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు. సిగ్గొక్కటే కాదు.

నెల గడిచి, ఇక ఉత్తరం రాదని ఖాయమైన రోజు ఆవిడకు కళ్ళకు కట్టింది. పిల్ల జడ వేస్తున్నారు. పక్కగదిలో అత్తగారు దగ్గుతున్నారు. ఏడుపు తన్నుకొస్తోంది. ఆ ఏడుపు వెనకే, చాలా చిన్నగా, హమ్మయ్య అనిపించింది. పిల్లను వదలక్కర్లేదు. తెలియని ఊళ్ళో, తెలియని జడ్జీల ముందు కూర్చోనక్కర్లేదు. వెళ్ళాలా వద్దా అని ఆయనతో నోరు తెరిచి మాట్లాడక్కర్లేదు. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, ఆ మాటను లోపల ఎక్కడో తొక్కిపెట్టేశారు. ఫోను చేస్తే ఆ హమ్మయ్య పోతుంది. అందుకే చెయ్యలేదు.

బల్ల దగ్గర కూర్చున్నావిడ ఏమనుకుందో ఇప్పుడు తెలిసింది. నడివీధిలో, మూడో బస్సు ముందు, స్టెనోగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన చింపింది చింపినట్టే ఉంది. ఆ నేరం ఒక్క వీసం కూడా తగ్గలేదు. కానీ ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే భయాన్ని చెరో గదిలో దాచుకుని, ఒకరికొకరు టీలు అందించుకుంటూ ఇరవైఎనిమిదేళ్ళు గడిపారు. అది తలచుకుంటే ఆవిడకు తన మీదా, ఆయన మీదా, పాపం ఆ రోజు జడ వేయించుకున్న పిల్ల మీదా కూడా జాలి వేసింది.

ఇంటికొచ్చేసరికి మూడైంది. దుకాణం తలుపు సగం మూసి ఉంది. మిషన్ కడుపు విప్పింది విప్పినట్టే ఉంది. మెకానిక్‌గారు ఆవిడ పొద్దున్న కూర్చున్న బల్లపీట మీదే కూర్చున్నారు. భోజనం చేసినట్టు లేరు. భార్యను చూసి లేచి నిలబడ్డారు.

"అమ్మాయికి ఫోను చేశాను," అన్నారు. "నువ్వక్కడికి రాలేదంది. భయమేసింది."

"ఏం చెప్పారు దానికి?"

"అంతా చెప్పాను. నాతో మాట్లాడనని పెట్టేసింది."

"మంచిపని చేసింది." స్టెనోగారు చెప్పులు విడిచి, ఆయన పనిచేసుకునే బల్ల మీద మేకులూ సూదులూ పక్కకు నెట్టి, అమ్మాయి చిన్నప్పటి రూళ్ళ కాగితాల పుస్తకం ఒకటి తెచ్చి పెట్టారు. పక్కన కలం పెట్టారు. "కూర్చోండి."

"ఏమిటిది?"

"నేను రాయడానికి కూర్చుంటే నా చెయ్యి ఊళ్ళోవాళ్ళ మాటలే రాస్తోంది. దానికింకేం అలవాటు లేదు. పొద్దున్న మీ మీద అరిచినప్పుడు మాత్రం మాటలు వాటంతటవే వచ్చాయి. అందుకని నేను చెప్తాను. మీరు రాయండి."

"నేనా? నా రాత కోడి కెలికినట్టుంటుంది కదోయ్!"

"తెలుసు. ముప్పైఎనిమిదేళ్ళుగా మీ రశీదులు చదువుతున్నదాన్ని. నాకర్థమైతే చాలు."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, స్కూలు పిల్లాడిలా మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చున్నారు. స్టెనోగారు కూర్చోలేదు. తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా నడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు.

"'ఆ నెలంతా నేను గేటు దగ్గర నిలబడ్డాను.'"

"నెమ్మదిగా చెప్పవోయ్. నిలబడ్డాను... ఆఁ."

"'ఉత్తరం వచ్చింది. నా భర్త దాన్ని చింపేశాడు.'"

కలం ఆగింది. ఆయన తల ఎత్తలేదు. "చింపేశాడు అనే రాయనా?"

"మరేమని రాస్తారు?"

ఆయన రాశారు. ఆ ఒక్క మాట రాయడానికి ఆయనకు పట్టినంతసేపట్లో స్టెనోగారు కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చారు.

"'ఆయన్ని క్షమించానని ఇక్కడ రాయడం లేదు. ఇంకా తేల్చుకోలేదు.'"

"తేల్చుకోలేదు... రాశాను."

స్టెనోగారు కిటికీ దగ్గర ఆగారు. వీధిలోకి చూస్తూ, వీపు ఆయనవైపు పెట్టి చెప్పారు. "'ఉత్తరం ఇక రాదని తెలిసినరోజు నేను చాలా ఏడ్చాను. ఏడుస్తూనే, లోపల ఒకచోట, హమ్మయ్య అనుకున్నాను. నాకూ వెళ్ళాలంటే భయం వేసింది. అడిగితే తెలిసిపోతుందని, నేను ఎవరినీ అడగలేదు.'"

కలం చప్పుడు వినిపించలేదు. ఎంతకీ వినిపించకపోతే ఆవిడ వెనక్కి తిరిగారు. మెకానిక్‌గారు కలం పట్టుకుని ఆవిడనే చూస్తున్నారు. కళ్ళలోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచినట్టు లేదు.

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే," అన్నారు.

"మీరు అడగలేదు. నేను చెప్పలేదు. రాయండి."

ఆయన వంగి రాశారు. ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టుగా, వరసలు కిందికి దిగజారిపోతున్నా ఆపకుండా, ఆఖరి మాట దాకా రాశారు. తర్వాత చొక్కా చేతితో మొహం తుడుచుకున్నారు. పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో కాస్త ఇవతలికి జరిపారు. స్టెనోగారు వచ్చి అందులో కూర్చున్నారు.

ఆయన తల పైకెత్తి, కలం కాగితానికి ఆనించి ఉంచి అడిగారు.

"రాశాను. తర్వాత?"